చేయి వంకర కాదు, మొన వంకర

బళ్ళారి సత్యనారాయణపేట మొదలుకొని ఆదోని, గుంతకల్లు, రాయదుర్గం దాకా వెండి మీద నగిషీ చెక్కేవాళ్ళ మధ్య ఒక అభిప్రాయం గట్టిగా పాతుకుపోయింది. పనితనం చేతిలో ఉంటుంది, ఉలిలో ఉండదు అన్నది ఆ అభిప్రాయం. పని నేర్చుకునే కుర్రాడు ఉలి సరిగా తెగడం లేదనో, గీత పక్కకు పోతోందనో అంటే జవాబు సిద్ధంగా ఉంటుంది: "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. ముందు చెయ్యి కుదుర్చుకోప్పా." అక్కడితో చర్చ ముగుస్తుంది. కుర్రాడు తలొంచుకుని అదే మొద్దు ఉలితో మళ్ళీ మొదలుపెడతాడు.

ఈ మాట అనేవాళ్ళ వాదన పూర్తిగా వినాలి. వెండి మెత్తని లోహం కాబట్టి దాన్ని గీయడానికి గొప్ప ఉక్కేమీ అక్కర్లేదంటారు. విరిగిన ఆకురాయి ముక్కతో పెద్దలు చెక్కిన పనిని ఇవాళ దిగుమతి పనిముట్లతోనూ చెక్కలేకపోతున్నారంటారు. కోణాలు కొలిచి పదును పెట్టడం పుస్తకాల వాళ్ళ చాదస్తమనీ, అనుభవమున్న కన్నే కొలబద్ద అనీ అంటారు. అంత కావాలంటే ఖరీదైన ఉలి ఒకటి కొనుక్కుంటే పోతుందంటారు. లేజర్లూ కంప్యూటర్ యంత్రాలూ వచ్చాక చేతి ఉలి గురించి ఇంత పట్టింపు దేనికని చివరికి అడుగుతారు. వీటిలో ప్రతి మాటకూ ఎక్కడో ఒక నిజం ఆసరాగా ఉంది కాబట్టే ఈ అభిప్రాయం ఇంతకాలం చెల్లింది. ఒక్కొక్కటే తీసి పరీక్షిస్తే మాత్రం ఏదీ నిలవదు.

ఒకటి: "వెండి మెత్తన, ఏ ఉలైనా తెగుతుంది"

ముందుగా ఏ వెండి అన్నది తేలాలి. భారత ప్రమాణాల సంస్థ వెండికి పెట్టిన ఐఎస్ 2112 ప్రమాణంలోనే 990, 970, 925, 800 లాంటి శ్రేణులున్నాయి. వెయ్యి పాళ్ళలో వెండి పోగా మిగిలింది ఎక్కువగా రాగి. 1940కి ముందటి బ్రిటిష్ రూపాయిలో పన్నెండు పాళ్ళకు పదకొండు పాళ్ళు వెండి. అలాంటి రూపాయలు కరిగించి చేయించిన కడియాలు ఒకరకంగా తెగుతాయి, ఇవాళ్టి 990 రేకు ఇంకోరకంగా తెగుతుంది. ఒకే 925 తునక కూడా రోజంతా ఒకేలా ఉండదు. కాల్చి చల్లార్చినప్పుడు విక్కర్స్ కొలమానంలో 70 దరిదాపుల్లో ఉండే దాని గట్టిదనం, సుత్తి దెబ్బలకూ రోలరు నొక్కుడుకూ రెట్టింపు అవుతుంది. వీటన్నిటినీ కలిపి 'మెత్తన' అనేసి ఊరుకోవడం వాదన అనిపించుకోదు.

అసలు తప్పు ఇంకా లోతులో ఉంది. మెత్తని లోహం మొద్దు ఉలికి సులువుగా తెగుతుందని అనుకోవడమే తప్పు. మొద్దు మొన కింద గట్టి లోహం ఎదురు తిరుగుతుంది, కాబట్టి ఉలి తెగడం లేదని పనివాడికి వెంటనే తెలిసిపోతుంది. మెత్తని వెండి ఎదురు తిరగదు, పక్కకు నలిగిపోతుంది. గాడి పడినట్టే కనిపిస్తుంది గానీ దాని రెండు అంచులా సన్నని కరుకు లేస్తుంది. స్వచ్ఛమైన వెండి అయితే మొనకు అంటుకుని తర్వాతి గీతను కూడా పాడుచేస్తుంది. కరుకును పాలిష్‌తో తీసేద్దామంటే చెక్కిన గీత అంచులు కూడా దాంతోపాటే అరిగిపోతాయి.

పాత్రల దుకాణంలో స్టీలు గిన్నె మీద పేరు వేసే కరెంటు పెన్నును చూడనివాళ్ళు ఉండరు. దాని సూది గబగబా కొట్టుకుంటూ చుక్కచుక్కగా పొడుచుకుపోతుంది. బారసాల వెండి గ్లాసు మీద కూడా అదే పెన్నుతో పేరు వేయిస్తారు. అక్షరాలు చదవడానికి వస్తాయి గానీ మెరవవు. అక్కడ లోహం తెగలేదు, నలిగింది. కంటికి కనిపించే వెలుగులో 95 శాతం దాకా తిప్పికొట్టే లోహం వెండి. అద్దంలాంటి ఆ గుణాన్ని వాడుకునే పనే నగిషీ. పదునైన ఉలి కోసిన గాడి గోడ ఒక చిన్న అద్దం అవుతుంది. ఉలి అడుగున సానరాయి గరుకు మిగిలిపోతే, ఆ గరుకు గీతలన్నీ గాడి గోడ మీద అచ్చుపడతాయి. ఎంత గొప్ప చేయి పట్టుకున్నా ఉలికి లేని నునుపు వెండికి రాదు. లోహం వెండి అయినప్పుడు పదును విషయంలో ఇంకా కఠినంగా ఉండాలి తప్ప సడలింపు ఇవ్వడానికి వీల్లేదు.

రెండు: "పెద్దలు ఆకురాయి ముక్కతోనే చెక్కారు"

చెక్కారు. అందులో అబద్ధం లేదు. దాన్నుంచి తీసిన తీర్పు తలకిందులైంది.

ఆకురాయి సాధారణమైన ఇనుము కాదు, కర్బనం ఎక్కువగా ఉన్న ఉక్కు. దాని విరిగిన ముక్కను ఉలిగా మార్చాలంటే ముందు కాల్చి నెమ్మదిగా చల్లార్చి మెత్తబరచాలి, రూపం తేవాలి. తర్వాత అయస్కాంతానికి అంటుకోనంత వేడిలో ఎర్రగా కాల్చి ఒక్కసారిగా ముంచాలి. అప్పుడది గాజులా పెళుసుగా ఉంటుంది. మళ్ళీ సన్నని సెగ చూపించి, మెరుగుపెట్టిన ఉక్కు మీద లేత గడ్డి రంగు రాగానే ఆపేయాలి. ఆ రంగు దాదాపు 220, 230 డిగ్రీల దగ్గర వస్తుంది. ఏమరుపాటున 300 దగ్గరికి పోతే ఉక్కు నీలం తిరుగుతుంది. ఆ నీలం స్ప్రింగుకు పనికొస్తుంది గానీ నగిషీ ఉలికి పనికిరాదు. ఇంతా అయ్యాక సాన పట్టడం మొదలవుతుంది. లక్కలో కురువిందం పొడి కలిపి చేసుకున్న సాన చక్రాలు ఈ దేశంలో ఎప్పటినుంచో ఉన్నవే.

ఇదంతా తన చేతులతో చేసుకున్న మనిషి పనిముట్టును లెక్కచేయలేదని ఎవరైనా అనగలరా? ఆయన ఉలి చవకది, దాని మీద పెట్టిన శ్రద్ధ చవకది కాదు. ఉక్కు ఎంచుకోవడం, కాల్చడం, ముంచడం, సాన పట్టడం అన్నీ తెలిశాకే ఆయన వెండి మీద చేయి పెట్టాడు. ఆ చదువంతా పక్కన పెట్టి, చివర కనిపించిన ఆకురాయి ముక్కను మాత్రం చూపించి 'చూశావా, ఏదైనా సరిపోతుంది' అనడం ఆ పెద్దలకే అన్యాయం చేయడం.

ఇవాళ జరుగుతున్నది చూస్తే ఈ అన్యాయం ఇంకా స్పష్టమవుతుంది. నేర్చుకునేవాడు మొద్దుబారిన కర్బన ఉక్కు ఉలిని మోటారు గ్రైండరు మీద పెడతాడు. నిప్పురవ్వలు ఎగిరితే పదును వస్తోందని నమ్ముతాడు. సన్నని మొన క్షణంలో నీలం తిరుగుతుంది. పైకి పదునుగానే కనిపించే ఆ మొన నాలుగు గీతలకే వంగిపోతుంది. నీలం తిరిగినంత మేరా నెమ్మదిగా, నీళ్ళలో ముంచుతూ అరగదీసి పారేస్తే తప్ప ఆ ఉలి మళ్ళీ పనికిరాదు. ఈ ఒక్క సంగతి ఎవరూ చెప్పకపోవడం వల్ల ఎందరో తమ చేతిలోనే లోపం ఉందనుకుంటున్నారు.

పన్నెండో శతాబ్దంలో థియోఫిలస్ అనే యూరప్ సన్యాసి లాటిన్‌లో చేతిపనుల గ్రంథం రాశాడు. దాని మూడో భాగం లోహపు పని గురించినది. వెండి శుద్ధి జోలికి పోకముందే ఆయన పనిగది కట్టుకోవడం, ఆకురాళ్ళు, చెక్కుడు ఉలులు చేసుకోవడం, వాటిని గట్టిపరచడం వరుసగా చెప్పుకొచ్చాడు. ముందు పనిముట్టు, ఆ తర్వాత వెండి. పాత పద్ధతి అంటూ వాదించేవాళ్ళు ఈ వరుసను కూడా ఒప్పుకోవాలి.

మూడు: "కోణాల లెక్క చాదస్తం, కన్నే కొలబద్ద"

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ మాటే.

గీతలు చెక్కే చదరపు ఉలిని, అంటే గ్రేవర్‌ను దగ్గరగా చూస్తే మొన దగ్గర మూడు తలాలు కలుస్తాయి. ముందువైపు ఏటవాలుగా కోసిన ముఖం ఒకటి. కింద కుడిఎడమల అరగదీసిన సన్నని అడుగు వాలులు రెండు. ముఖం సుమారు 45 డిగ్రీలు, అడుగు వాలు 15 నుంచి 20 డిగ్రీలు ఉండేలా చేసుకోవడం ప్రపంచమంతటా నగిషీ పనివాళ్ళు అనుసరించే పద్ధతి. ఎవరో కుర్చీలో కూర్చుని కనిపెట్టిన అంకెలు కావివి. ముఖం మరీ వాలుగా ఉంటే మొన పలచబడి విరుగుతుంది, మరీ నిటారుగా ఉంటే తోయడానికి బలం ఎక్కువ కావాలి. అడుగు వాలు లేకపోతే ఉలి లోహంలోకి దిగబడుతుంది, పైకి తేలదు. వాలు ఉంటేనే పిడి కాస్త పైకి లేచి వేళ్ళకు చోటు దొరుకుతుంది, లోతు చేతి అదుపులో ఉంటుంది.

ఇప్పుడు రెండు అడుగు వాలుల్లో ఒకటి రెండోదానికంటే కాస్త వెడల్పు అయిందనుకుందాం. కంటికి ఆ తేడా ఆనదు. వెండికి తెలుస్తుంది. గాడి ఒక పక్కకు ఒరుగుతుంది, ఉలి ప్రతిసారీ అదే పక్కకు లాగుతుంది. కుర్రాడు దాన్ని సరిదిద్దడానికి మణికట్టు తిప్పుతాడు, గీత ఇంకా చెడుతుంది. పక్కనున్నవాళ్ళు చూసి "చెయ్యి వంకర" అని తేల్చేస్తారు. ఆర్నెల్లు ఆ మాట పడ్డవాడు తన చేయి వంకరేనని నమ్ముతాడు. భూతద్దం కింద ఒక్కసారి ఆ మొన చూసి ఉంటే అసలు సంగతి ఒక్క నిమిషంలో తేలిపోయేది.

అడుగు వాలు పొడవు కూడా అంతే ముఖ్యం. తీగలు, లతలు చెక్కే ఉలికి అది అర మిల్లీమీటరు దాటకూడదు. పొడవైతే మలుపు తిరిగేటప్పుడు దాని వెనక అంచు గాడి బయటి ఒడ్డును రాసుకుంటుంది, ప్రతి మలుపు దగ్గరా ఒక గీరుడు మిగులుతుంది. చెక్కే వస్తువును బట్టి కూడా లెక్క మారుతుంది. ఈ ప్రాంతంలో వీరశైవులు మెడలో వేసుకునే వెండి లింగకాయ ఉబ్బెత్తుగా ఉంటుంది. దాని మీద మామూలు వాలు సరిపోతుంది. కుంకుమ భరిణె లోపలి గుంటలోనో, కడియం లోపలి అంచునో పేరు చెక్కాలంటే అదే ఉలి పిడి వెండికి తగులుకుంటుంది. అక్కడ వాలు ఇంకా నిటారుగా ఉండాలి, లేదా మెడ వంచిన ఉలి కావాలి. ఒక్క ఉలితో అన్నీ చెక్కమనడం శిక్షణ కాదు.

బీదర్ పనివాళ్ళను చూడండి. జింకు పదహారు పాళ్ళకు రాగి ఒక పాలు కలిపిన లోహంలో గాడి తవ్వి వెండి పొదిగే ఆ పనికి 2006లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అందులో ఆరితేరిన షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. తీగ పొదగడానికి కావలసిన గాడి వేరు, రేకు పొదగడానికి కావలసిన గుంట వేరు. అంచు శుభ్రంగా తెగకపోతే సుత్తితో కొట్టి దించిన వెండి అక్కడ నిలవదు. పదును లోపాన్ని ఆ పనిలో దాచడానికి వీల్లేదు, తీగ ఊడి వచ్చి సాక్ష్యం చెబుతుంది. ఉత్త వెండి మీద చెక్కేచోట అలా వెంటనే పట్టించే సాక్ష్యం లేదు కాబట్టి తప్పంతా చేతి మీదకు నెట్టేయడం తేలికైంది.

అనుభవం గల కన్ను కోణాన్ని పట్టగలదన్నది నిజమే. ఆ అనుభవం ఎలా వస్తుందన్నదే ప్రశ్న. సరైన మొనను ఎప్పుడూ చూడనివాడి కన్ను దేన్ని చూసి సరైనదని గుర్తుపడుతుంది? కోణం బిగించి పట్టే చిన్న పరికరం ఉంటే మొదటి వారంలోనే సరైన మొన తయారవుతుంది. దానితో వెండి కోసి చూస్తే ఆ తేడా చేతికి తెలుస్తుంది. తర్వాత పరికరం లేకుండా చేయడం నేర్చుకోవచ్చు. దానికి విదేశాలకు ఆర్డరు పెట్టనక్కర్లేదు. ఇత్తడి దిమ్మలో సరైన వాలున రంధ్రం వేసి ఇమ్మంటే ఊళ్ళో లేతు పనివాడు చేసిపెడతాడు. దాన్ని వాడితే చేయి బద్ధకిస్తుందనేవాళ్ళు కొలబద్దనూ తక్కెడనూ కూడా పనిగది నుంచి తీసేయాలి మరి.

పరీక్షలు కూడా తేలికే. మొనను బొటనవేలి గోరు మీద బరువు వేయకుండా ఆనిస్తే పదునైనది అంటుకుని ఆగుతుంది, మొద్దుది జారుతుంది. భూతద్దంలో చూస్తే పదునైన అంచు కనిపించదు, మొద్దుబారిన అంచు తెల్లగా మెరుస్తుంది. ఈ రెండూ నేర్పడానికి ఒక పూట కూడా పట్టదు.

నాలుగు: "ఖరీదైనది కొంటే సమస్య తీరుతుంది"

మొద్దు ఉలిని సమర్థించిన నోటితోనే ఈ మాట కూడా వస్తుంది. స్విట్జర్లాండ్‌లోని వల్లోర్బ్‌లో తయారైన గ్రేవర్ నిజంగానే మంచి ఉక్కు. కానీ పెట్టెలోంచి తీసిన కొత్త గ్రేవర్ పనికి సిద్ధంగా ఉండదు. పొడవు ఎక్కువ, అడుగు వాలు ఉండదు, పిడి విడిగా బిగించుకోవాలి. పిడి అరచేతిలో కుదురుకున్నప్పుడు మొన బొటనవేలిని కాస్త మాత్రమే దాటేలా కోసుకోవాలి. ఆ కొలత ఎవరి అరచేతిని బట్టి వాళ్ళకు వేరుగా ఉంటుంది కాబట్టి ఏ కంపెనీ తయారుచేసి ఇవ్వలేదు.

ఉక్కు రకం ఎంచుకోవడంలోనూ ధర దారి చూపదు. హైస్పీడ్ ఉక్కు 500 డిగ్రీల దాకా గట్టిదనం కోల్పోదు కాబట్టి గ్రైండరు వాడేవాళ్ళకు అది మేలు. టంగ్‌స్టన్ కార్బైడ్ ఇంకా గట్టిది, కానీ పెళుసు. పక్కకు వంచితే మొన చిట్లుతుంది, దానికి పదును పెట్టాలంటే డైమండ్ సానే కావాలి. వెండికి అది తప్పనిసరి కాదు. మొదట గీతకు ఒక 'వి' మొన, మెరుపు కోతకు ఒక బల్లపరుపు మొన, వెంట్రుక గీతలకు ఒక కత్తి మొన చాలు. మిగిలిన డబ్బు గరుకు రాయి నుంచి అద్దంలా మెరుగుపెట్టే సన్నని రాయి దాకా సానలకు పెట్టాలి. రెండు వేల ఉలీ వంద రూపాయల సానరాయీ కొనేవాడి దగ్గర వంద రూపాయల పదునే ఉంటుంది.

ఐదు: "యంత్రాలొచ్చాక చేతి ఉలి గోల దేనికి"

ఏ యంత్రం? అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని ఎంపోరియా పట్టణానికి చెందిన జీఆర్ఎస్ లాంటి కంపెనీలు గాలి ఒత్తిడితో నడిచే నగిషీ పరికరాలు అమ్ముతాయి. ఆ యంత్రం తోపుడు బలాన్ని మాత్రమే ఇస్తుంది. దాని చివర బిగించేది ఇదే గ్రేవర్, దానికి కావలసింది ఇవే కోణాలు. అలాంటి కంపెనీలు గాలి పరికరంతోపాటు పదును పెట్టే పరికరాలను కూడా విడిగా తయారుచేసి అమ్ముతున్నాయి. బలం పెరిగేకొద్దీ వంకర మొన చేసే నష్టం కూడా వేగంగా పెరుగుతుంది.

పట్టీల మీద తళతళలాడే డైమండ్ కట్ సంగతీ అంతే. ఆ మెరుపు మోటారు వేగం వల్ల రాలేదు, అద్దంలా మెరుగుపెట్టిన వజ్రపు అంచు వల్ల వచ్చింది. చేతి పనివాణ్ణి పట్టించుకోవద్దంటున్న విషయాన్నే యంత్రం తయారుచేసినవాడు ప్రాణంలా చూసుకున్నాడు. పదును మీద ఖర్చు పెట్టిన యంత్రంతో, పదును మీద ఒక పూట కూడా పెట్టనివ్వని చేతిని పోటీకి దింపి, చేయి ఓడిపోయిందని ప్రకటించడంలో న్యాయం లేదు.

ఎవరి నష్టం, ఎవరి లాభం

ఈ అభిప్రాయం వల్ల జరిగే నష్టం మాటలతో పోయేది కాదు. మొద్దు ఉలిని ఎక్కువ బలంతో తోయాలి. ఎక్కువ బలంతో తోసిన ఉలి జారితే నగ మీద పొడవాటి గాటు పడుతుంది, చాలాసార్లు రెండో చేతి వేళ్ళలో దిగుతుంది. అర మిల్లీమీటరు మందం రేకు మీద పడ్డ గాటును అరగదీసి తీయబోతే రేకు చిల్లు పడుతుంది. కిలో వెండి లక్ష రూపాయలు దాటిపోయిన ఈ రోజుల్లో ఆ చిల్లు ధర చిన్నది కాదు. అది పడేది ఎవరి మీద? దుకాణం వెండి ఇస్తుంది, మజూరీ నగకింత అనో గ్రాముకింత అనో కడుతుంది. ఉలి, సానరాయి, పదును పెట్టే సమయం పనివాడి సొంత ఖర్చు. పదును పెడుతూ కూర్చున్న గంటకు అతనికి పైసా రాదు. అందుకే మొద్దు ఉలితోనే నెట్టుకొస్తాడు, గీత చెడితే మాట పడతాడు. పనితనం చేతిలోనే ఉందన్న మాట ఇక్కడ ఎవరికి ఉపయోగపడుతోందో చూడాలి. పనిముట్టు ఖర్చునూ శిక్షణ లోపాన్నీ రెంటినీ నేర్చుకునేవాడి వేళ్ళ మీదకే నెట్టేయడానికి అది పనికొస్తోంది.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తుల్లో కంసాలి పనిని కూడా చేర్చింది. పనిముట్లకు 15,000 రూపాయల దాకా ఇస్తుంది, కొద్ది రోజుల ప్రాథమిక శిక్షణ కూడా ఉంది. ఆ సొమ్ముతో పనిముట్లు కొనేవాళ్ళు ముందు సానరాళ్ళు, భూతద్దం, కోణం పట్టే దిమ్మ కొనాలి, ఉలులు ఆ తర్వాత. ఆ శిక్షణలో నగిషీకి చోటిచ్చేవాళ్ళు మొదటి రోజు వెండిని పక్కన పెట్టి రాగి రేకు ఇవ్వాలి. ఒకే గీతను మొద్దు మొనతోనూ పదును మొనతోనూ చెక్కించి, రెండు గాడులనూ భూతద్దంలో చూపించాలి.

దుకాణాల వైపు నుంచి రావలసిన మార్పు మజూరీలో ఉంది. నగిషీ రేటు కట్టేటప్పుడు చెక్కిన గంటలతోపాటు పదును పెట్టిన గంటలు కూడా లెక్కలోకి రావాలి, సానల అరుగుదల కూడా రావాలి. ఆ లెక్క కట్టనంత కాలం, గీత జారిందన్న కారణంతో పనివాడి కూలీలో కోత పెట్టే హక్కు ఏ దుకాణదారుకూ లేదు.